వ్యాధికి ముందే సెలవు

కేంద్ర ప్రభుత్వోద్యోగి అనారోగ్య కారణంగా సెలవు కోరినప్పుడు దరఖాస్తుకు జతపరచవలసిన వైద్య ధ్రువపత్రం ఒకటి ఉంది. కేంద్ర పౌర సేవల సెలవు నియమావళి, 1972లో అది మూడవ నమూనా పత్రం. వైద్యుడు పూరించవలసిన ఖాళీలు అందులో కొద్దిగానే ఉంటాయి. ఉద్యోగి పేరు, అతడు బాధపడుతున్న వ్యాధి, అతని ఆరోగ్యం తిరిగి చేకూరడానికి ఎన్ని రోజులు విధులకు దూరంగా ఉండడం అవసరమో ఆ వివరం - ఇంతే. పత్రం చిన్నదే కాని, అది ఒక భావనను స్థిరపరచింది. సెలవు వ్యాధితో మొదలవుతుంది. ఆరోగ్యం పోయినవాడు దానిని తిరిగి సంపాదించుకొనడానికి మాత్రమే ప్రభుత్వం సమయమిస్తుంది. తనకు రక్తపోటు ఉన్నదో లేదో తెలుసుకొనగోరే మనిషి, నలభై ఏండ్లు దాటినందువల్ల రొమ్ము పరీక్ష చేయించుకొనదలచిన మహిళ, ఆ రెండవ ఖాళీలో ఏమి వ్రాయించగలరు?

ఈ ప్రశ్నకు దేశంలో మరెక్కడికంటె ఢిల్లీలో ప్రాముఖ్యం ఎక్కువ. నియమాలు తయారయ్యేదీ అక్కడే, వాటికి లోబడి పనిచేసే ఉద్యోగులు పెద్ద సంఖ్యలో నివసించేదీ అక్కడే. రాజధానిలోని కార్యాలయాలకు ఫరీదాబాదు, గురుగ్రామ్, ఘజియాబాదు, నోయిడాల నుండి ప్రతి ఉదయం రైళ్లలోను, మెట్రోలోను, బస్సులలోను వచ్చే గుమాస్తాలు, స్టెనోగ్రాఫర్లు, బంట్రోతులు జాతీయ రాజధాని ప్రాంతపు నిత్యజీవితంలో ఒక భాగం. వీరి వైద్య అవసరాల కోసమే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం 1954లో ఢిల్లీలో, పదహారు డిస్పెన్సరీలతో మొదలయింది. తరువాత ఇతర నగరాలకు వ్యాపించిన ఆ పథకం హైదరాబాదుకు 1976లో వచ్చింది. నాడు డిస్పెన్సరీలుగా ఉన్నవాటికి నేడు వెల్‌నెస్ కేంద్రాలని పేరు. పేరులో స్వస్థత చేరింది. కాని, స్వస్థుడై ఉన్నప్పుడే ఆ గడప తొక్కడానికి ఉద్యోగికి ప్రత్యేకంగా కేటాయించిన సమయం మాత్రం సెలవు ఖాతాలో చేరలేదు.

జల్లెడ ఎందుకు?

నివారక వైద్య పరీక్ష అనే మాటను కొంత వివరించుకొనడం అవసరం. జబ్బు లక్షణాలు కనిపించిన మనిషికి చేసేది రోగ నిర్ధారణ పరీక్ష. ఏ లక్షణమూ లేనివారిలో జబ్బు గాని, జబ్బుకు దారితీసే మార్పు గాని ఉన్నదేమోనని చూచేది వేరు. ధాన్యాన్ని జల్లెడ పట్టినట్లు అది అందరినీ ఒకసారి చూచి, మరింత పరిశీలించవలసిన కొందరిని వేరుచేస్తుంది. అందులో నిలిచిన ప్రతివారూ రోగులు కారు. జారిపోయిన ప్రతివారూ నిశ్చింతగా ఉండవచ్చుననీ కాదు.

రక్తపోటు ఇందుకు సులభమైన ఉదాహరణ. అధిక రక్తపోటు సంవత్సరాల తరబడి ఏ బాధా కలిగించకుండానే గుండెను, మూత్రపిండాలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. చాలామందికి అది ఉన్నదన్న సంగతి పక్షవాతం వచ్చిన నాడే తెలుస్తుంది. దానిని కనుగొనడానికి కావలసింది చేతికి చుట్టే ఒక పట్టీ, ఐదు నిమిషాల విశ్రాంతి, మరో రెండు నిమిషాల సమయం. మధుమేహమూ ఇటువంటిదే. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన అధ్యయనపు ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు, ఆ దారిలో ఉన్నవారు 13.6 కోట్లు, అధిక రక్తపోటు ఉన్నవారు 31.5 కోట్లు. ఇందులో కొంత భాగం నిత్యం కార్యాలయాలలో ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుండే వారిదని వేరుగా చెప్పనక్కరలేదు.

క్యాన్సర్ విషయంలో కాలానికి ఇంకా విలువ ఎక్కువ. గర్భాశయ ముఖద్వారంలో తొలి మార్పులు కనిపించిన నాటినుండి అవి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది సంవత్సరాలకు పైగా పడుతుంది. ఆ పదేండ్లలో ఏదో ఒక పూట పరీక్ష జరిగితే ఆ మార్పులను తొలగించడం చిన్న చికిత్సతో ముగిసే పని. ఈ విషయంలో మన దేశం ఇతరుల పరిశోధనలను అనువదించుకొని ఊరుకోలేదు, ప్రపంచానికి తానే కొంత బోధించింది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో పలుచని ఎసిటిక్ ఆమ్లంతో చేసే సాధారణ పరీక్ష వల్ల ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గినట్లు 2007లో ప్రకటించారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో, అంటే నేటి ధారాశివ్‌లో, లక్షా ముప్ఫయివేలకు పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనంలో ఒకే ఒక్కసారి చేసిన వైరస్ పరీక్ష ఎనిమిదేండ్లలో మరణాలను దాదాపు సగానికి తగ్గించినట్లు 2009లో తేలింది. ముంబయి మురికివాడలలో పదవ తరగతి చదివిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి వారిచేతనే చేయించిన పరీక్షలు 31 శాతం మరణాలను నివారించాయి. కేరళలోని తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి నోరు తెరిపించి చూచిన ఫలితంగా, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడింట ఒకవంతు తగ్గినట్లు 2005లో వెల్లడయింది.

నోటి క్యాన్సర్ పేరెత్తగానే తెలుగువారికి ఉత్తరాంధ్ర తీరం గుర్తుకు రాక మానదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో, ముఖ్యంగా పల్లె స్త్రీలలో, చుట్ట కాలే కొనను నోటిలోపల ఉంచుకొని పీల్చే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉన్నది. ఆ వేడికి, పొగకు అంగిలిపై పుట్టే క్యాన్సర్‌ను ముంబయి శాస్త్రవేత్త డాక్టర్ ఖానోల్కర్ 1945లోనే వర్ణించారు. అంగిలిలో తెల్లని మచ్చను చూడడానికి ఒక టార్చిలైటు చాలు. చూచేవారు, చూపించుకొనడానికి తీరిక ఉన్నవారు కావాలి.

ఆ తీరికే కరవుగా ఉన్నది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుండి 49 సంవత్సరాల వయస్సుగల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష జీవితంలో ఒక్కసారైనా జరిగినవారు 1.9 శాతం మాత్రమే. రొమ్ము పరీక్ష విషయంలో ఆ సంఖ్య ఒక శాతం కూడా లేదు. ముప్ఫయి ఏండ్లు దాటిన వారందరికీ రక్తపోటు, మధుమేహం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు జరపాలన్న కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన తరువాతి లెక్క ఇది. భయం, సిగ్గు, దూరం, అవగాహన లేకపోవడం ఇందుకు కారణాలుగా చెప్పడం పరిపాటి. అవి నిజమైన కారణాలే. అయితే నెల జీతం, చదువు, వైద్య పథకపు కార్డు ఉన్న రాజధాని ఉద్యోగిని విషయంలో వీటిలో కొన్ని వర్తించవు. ఆమెకు అడ్డు వచ్చేది తరచుగా గడియారం.

ఒక పరీక్ష, మూడు ప్రయాణాలు

ఫరీదాబాదులో నివసిస్తూ రామకృష్ణాపురంలోని ఒక కార్యాలయంలో పనిచేసే గుమాస్తాను ఊహించుకొనవచ్చు. చక్కెర పరీక్ష కావాలంటే మొదట వెల్‌నెస్ కేంద్రంలోని వైద్యుని చేత వ్రాయించుకొనాలి. అది ఉదయం వేళ జరిగే పని, వరుస పెద్దదయితే పదిగంటలకు ముందు బయటపడడం కష్టం. పరీక్షకు మరొక రోజు. ఖాళీ కడుపుతో ఒకసారి రక్తమిచ్చి, ఆహారం తిన్న రెండుగంటలకు మళ్లీ ఇవ్వాలి. ఆ రెండుగంటలలో ఇంటికి పోలేరు, కార్యాలయానికీ పోలేరు. ఫలితం చేతికి వచ్చిన తరువాత వైద్యునికి చూపడానికి మూడవ రోజు. ఖాళీ కడుపుతో పనిలేని, మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష వచ్చిన తరువాత ఈ శ్రమ కొంత తగ్గినా, రొమ్ము ఎక్స్‌రేకు గాని, గర్భాశయ పరీక్షకు గాని అటువంటి దగ్గరిదారి లేదు.

శనివారం ఉన్నది కదా అనేవారుంటారు. కేంద్ర కార్యాలయాలలో 1985 జూన్ 3వ తేదీ నుండి వారానికి ఐదు పనిదినాలే అన్నది నిజం. శనివారపు ఉదయాలు చాలామందికి ఉపకరిస్తున్నాయనడంలోనూ సందేహం లేదు. కాని ఆసుపత్రులలో, రైల్వేలలో, పోలీసు శాఖలో, పురపాలక సంస్థలలో పనిచేసేవారికి ఆ రెండవ సెలవు దినం లేదు.

మరొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. కేంద్ర ప్రభుత్వోద్యోగికి సంవత్సరానికి 30 రోజుల ఆర్జిత సెలవు, 20 రోజుల అర్ధవేతన సెలవు, 8 రోజుల ఆకస్మిక సెలవు ఇప్పటికే ఉన్నాయి. ఆకస్మిక సెలవును సగం రోజుకు కూడా తీసుకొనవచ్చు. ప్రైవేటు రంగంలో కోట్లాదిమందికి ఇందులో నాలుగవవంతు కూడా లేని దేశంలో ప్రభుత్వోద్యోగికి ఇంకొక సెలవా? ఈ ప్రశ్న వేసేవారిని తప్పుపట్టడానికి వీలులేదు. దీనికి సమాధానం రోజుల లెక్కలో కాదు, ఆ రోజులు ఖర్చయ్యే తీరులో దొరుకుతుంది. ఆర్జిత సెలవు పదవీ విరమణనాడు 300 రోజుల వరకు నగదుగా మారుతుంది కాబట్టి దానిని ముట్టుకొనడానికి దిగువ ఉద్యోగి జంకుతాడు. అర్ధవేతన సెలవును పూర్తి జీతంతో కూడిన సెలవుగా మార్చుకొనాలంటే మళ్లీ ఆ వైద్య ధ్రువపత్రమే కావాలి. ఇక మిగిలినది ఆకస్మిక సెలవు. 1998కి ముందు 12 రోజులుగా ఉన్న దానిని ఆ సంవత్సరం 8కి తగ్గించారు. పిల్లవాని జ్వరం, ఊరిలో చావు, నీళ్ల పైపు పగలడం, పాఠశాలలో సమావేశం - ఇవన్నీ ఆ ఎనిమిదిలోనే ఇమడాలి. డిసెంబరులో రెండు రోజులు మిగిలితే, నొప్పిలేని రొమ్మును చూపించుకొనడానికి వాటిని వాడుకొనే తల్లులు అరుదు.

మాటల విషయం ఇక్కడ కొంత ఆలోచింపదగినది. హిందీలో సెలవును అవకాశ్ అంటారు. అదే సంస్కృత పదం తెలుగులో అవకాశమై, వీలు అనే అర్థాన్ని నిలుపుకొన్నది. తెలుగులోని సెలవు అనే మాటకేమో అనుమతి, ఆజ్ఞ అని పాత అర్థాలున్నాయి. పెద్దలు సెలవిచ్చారు అంటే ఆనతిచ్చారని. నియమావళి తెలుగు మాటకే దగ్గరగా నిలిచింది. సెలవును హక్కుగా కోరరాదని అది స్పష్టంగా చెబుతుంది. వైద్య పరీక్ష విషయంలో మాత్రం ఉద్యోగికి కావలసినది హిందీ మాటకు తెలుగులో ఉన్న అర్థం.

ఉన్నవారికి ఉన్నది

పనివేళలలో వైద్య పరీక్ష అనే ఆలోచన మన పరిపాలనకు కొత్త కాదు. రైళ్లు నడిపే సిబ్బందికి నలభై ఐదేండ్ల వరకు నాలుగు సంవత్సరాలకొకసారి, ఆపైన యాభై ఐదు వరకు రెండేండ్లకొకసారి, తరువాత ఏటా వైద్య పరీక్ష జరుగుతుంది. దానికి పట్టిన సమయాన్ని విధినిర్వహణగానే లెక్కిస్తారు. సింగరేణి వంటి బొగ్గు గనుల కార్మికులకు ఐదేండ్లకొకసారి పరీక్ష జరపాలని 1955 నాటి గనుల నియమాలు విధించాయి. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన ప్రక్రియలలో పనిచేసేవారికి పన్నెండు నెలలకు మించని వ్యవధిలో పరీక్షలు జరపడం యజమాని బాధ్యత చేశారు. అయితే రైలు నడిపేవాని కంటిచూపును పరీక్షించేది ముఖ్యంగా ప్రయాణికుల క్షేమం కోసం. అతని కన్ను రైలులో ఒక భాగం కనుక దానిని చూచే సమయం రైల్వేది. గుమాస్తా గుండె ఆగితే ఫైలు ఆగుతుందే కాని పట్టాలు తప్పదు. అందుకే కాబోలు అది అతని సొంత వ్యవహారమయింది.

రెండవ ఉదాహరణ అధికారులది. అఖిల భారత సర్వీసులలో నలభై ఏండ్లు దాటినవారికి ఏటా వైద్య పరీక్ష జరపాలని 2007 నాటి పనితీరు నివేదికల నియమాలు నిర్దేశించాయి. కేంద్ర సర్వీసుల మొదటి శ్రేణి అధికారులకు కూడా అటువంటి ఏర్పాటు వచ్చింది. ఇది మెచ్చుకొనదగినదే. కాని రక్తపోటు పదవిని చూచి రాదు. పదవిలో అన్నిటికంటె దిగువనున్నవాడే తన పరీక్షకు తాను సమయం కొనుక్కొనవలసి రావడంలోని న్యాయమేమో బోధపడదు. అధికారుల ఏర్పాటులో మరొక చిక్కు కూడా ఉన్నది. వైద్య నివేదిక సారాంశం పనితీరు నివేదికకు జతపడుతుంది. పదోన్నతిని నిర్ణయించే కట్టలో తన గుండె సంగతి కూడా ఉంటుందని తెలిసినవాడు పరీక్షా బల్లపై ఎంత నిజాయితీగా నోరు విప్పుతాడన్నది అనుమానమే.

మూడవది ఢిల్లీలో అన్నిటికంటె ప్రమాదకరమైన పని చేసేవారిది. భూగర్భ మురుగు కాలువలలోకి దిగి శుభ్రపరచే కార్మికుల దుస్థితిపై దాఖలైన వ్యాజ్యంలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం 2008లో కొన్ని ఆదేశాలిచ్చింది. ఆ కార్మికులకు వైద్య పరీక్ష, చికిత్స ఉచితంగా జరగాలి. వృత్తివల్ల వచ్చిన వ్యాధి బయటపడితే నయమయ్యేవరకు చికిత్స కొనసాగాలి. జబ్బుగా ఉన్న కాలంలో వారిని పనిలోనుండి తొలగించరాదు, విధులలో ఉన్నట్లే భావించి వేతనం చెల్లించాలి. కాంట్రాక్టరు కింద పనిచేసేవారికి కూడా ఇది వర్తించాలి. ఢిల్లీ జల మండలి దీనిపై సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లగా, 2011 జూలైలో ఆ న్యాయస్థానం ఈ ఆదేశాలను సమర్థించింది. సెలవు చర్చలో ఈ తీర్పును సాధారణంగా ఎవరూ ప్రస్తావించరు. కాని ఇందులో ఒక ముఖ్యమైన మెలిక ఉన్నది. రోజు కూలిపై బతికేవానికి పరీక్ష ఉచితమైనంత మాత్రాన సరిపోదని, అందులో జబ్బు బయటపడితే తన అన్నం పోదన్న హామీ కూడా కావాలని అది గుర్తించింది. ఆ హామీ లేనిచోట పరీక్షకు రమ్మని పిలిస్తే కార్మికుడు తప్పించుకొని తిరుగుతాడు. అతనిది అజ్ఞానం కాదు, లెక్క.

ఇక ఆరోగ్యవంతునికే సెలవిచ్చే సందర్భాలు కూడా నియమాలలో లేకపోలేదు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సకు ప్రత్యేక ఆకస్మిక సెలవు దశాబ్దాలుగా ఉన్నది. రక్తదానం చేసిన రోజుకు సంవత్సరానికి నాలుగుసార్లు వరకు ఆ సెలవు ఇస్తారు. 2017 డిసెంబరులో రక్తకణాలను వేరుచేసి ఇచ్చే దానానికి కూడా దానిని వర్తింపజేశారు. అవయవదానం చేసే ఉద్యోగికి 42 రోజుల వరకు ప్రత్యేక ఆకస్మిక సెలవు 2023 ఏప్రిల్‌లో మంజూరయింది. పోలింగు నాడు ఓటు వేయడానికి జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉన్నది. వీటన్నిటిలోనూ సూత్రం ఒకటే - సమాజానికి మేలు చేసే పనికి పట్టే కాలాన్ని ఉద్యోగి సొంత ఖాతాలోనుండి కోయరాదు. ఇతరుల కోసం రక్తమిస్తే ఆ రోజు ప్రభుత్వానిది, తన కోసం రెండు చుక్కలు పరీక్షకిస్తే ఆ పూట తనది.

ఇతర దేశాలలో

ఈ వ్యత్యాసాన్ని తొలగించిన దేశాలున్నాయి. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే అనే చిన్న దేశం 2000 సంవత్సరంలో ఒక చట్టం చేసి, ప్రభుత్వ, ప్రైవేటు రంగాలలో పనిచేసే స్త్రీలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష గాని, రొమ్ము ఎక్స్‌రే గాని చేయించుకొనడానికి ఏడాదికి ఒక రోజు జీతంతో కూడిన ప్రత్యేక సెలవును హక్కుగా ఇచ్చింది. చిలీ 2014లో నలభై దాటిన స్త్రీలకు, యాభై దాటిన పురుషులకు సగం రోజు అనుమతించింది. బ్రెజిల్ 2018లో కార్మిక చట్టాన్ని సవరించి, క్యాన్సర్ నివారక పరీక్షల కోసం ఏడాదికి మూడు రోజుల వరకు వేతనం కోతలేకుండా గైరుహాజరు కావచ్చునన్నది. జపాను దారి వేరు. మన సెలవు నియమావళి వచ్చిన 1972లోనే ఆ దేశం చేసిన చట్టం ప్రకారం ఉద్యోగులకు ఏటా ఆరోగ్య పరీక్ష జరిపించవలసిన బాధ్యత యజమానిదే.

కేవలం ప్రభుత్వోద్యోగుల కోసం చేసిన ఏర్పాటు అమెరికాలో కనిపిస్తుంది. అధ్యక్షుడు క్లింటన్ పదవీకాలపు చివరి రోజులలో, 2001 జనవరిలో, ఫెడరల్ ఉద్యోగుల నివారక పరీక్షలకు ఏడాదికి నాలుగుగంటల వరకు సెలవు ఖాతాతో సంబంధంలేని గైరుహాజరును అనుమతించవలసిందిగా కార్యాలయాలను కోరారు. ఇది అందరికీ కాదు. అనారోగ్య సెలవు రెండు వారాలకంటె తక్కువ మిగిలి ఉన్నవారికి, అంటే కొత్తగా చేరినవారికి, జబ్బులవల్ల ఖాతా తరిగిపోయినవారికి మాత్రమే ఉద్దేశించినది. నిండు ఖాతా ఉన్నవాడు తనదే వాడుకొనవచ్చుగదా అన్న ఆ విచక్షణ, ఇక్కడ ఇంకొక సెలవా అని ఆక్షేపించేవారికి కూడా నచ్చవచ్చు. న్యూయార్కు రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగులకు మొదట రొమ్ము, ప్రోస్టేటు పరీక్షలకు ఉన్న నాలుగుగంటల సదుపాయాన్ని 2018లో అన్ని రకాల క్యాన్సర్ పరీక్షలకు విస్తరించారు.

నాలుగుగంటలు అంటే సగం రోజు. సంవత్సరంలో పనిదినాలు సుమారు 220 అనుకొంటే, అది 440 పూటలలో ఒక పూట.

ఏ పరీక్షకు, ఎవరి చీటీకి?

సెలవు ఇవ్వడం సులభం, దేనికి ఇవ్వాలో నిర్ణయించడం కష్టం. రాజధాని ప్రాంతపు పత్రికలలోను, మెట్రో స్టేషన్ల గోడలపైన సంపూర్ణ శరీర పరీక్షల ప్రకటనలు కోకొల్లలు. ఒకే సీసా రక్తంతో ఎనభై, తొంభై పరీక్షలు చేసి రంగుల నివేదిక చేతికిస్తారు. ఇన్ని పరీక్షలు చేస్తే ఏదో ఒకటి గీత దాటడం గణితరీత్యా దాదాపు ఖాయం. దానితో మరిన్ని పరీక్షలు, అనవసరపు భయం. దక్షిణ కొరియాలో ఈ శతాబ్దారంభంలో గొంతు గ్రంథికి స్కానింగు విరివిగా జరగడంతో, 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు పదిహేను రెట్లయ్యాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. ఎన్నడూ హాని చేయని గడ్డలకు వేలాదిమంది శస్త్రచికిత్స చేయించుకొన్నారని దాని అర్థం. అందరు పురుషులకు ఏటా ప్రోస్టేటు రక్తపరీక్ష జరపడం గురించి కూడా వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. ఆ పరీక్షకు సెలవిచ్చిన దేశాలు కొంత తొందరపడ్డాయనే చెప్పాలి.

ఈ ప్రమాదాన్ని ముందే గ్రహించి విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం కొన్ని సూత్రాలు రూపొందించారు. వెదకే జబ్బు ముఖ్యమైనదై ఉండాలి, బయటపడకముందు కొంతకాలం లోపల ఉండేదై ఉండాలి, పరీక్ష ప్రజలు అంగీకరించేదిగా ఉండాలి, బయటపడిన జబ్బుకు చికిత్స ఉండాలి, ఆ చికిత్స అందుబాటులో ఉండాలి. చివరిది లేకుండా మొదటివాటిని అమలుచేయడం మనిషికి అతని చావు తేదీ చెప్పి పంపడంతో సమానం. 2017 నాటి జాతీయ కార్యక్రమం ఎంచుకొన్న ఐదు జబ్బులు ఈ సూత్రాలకు చాలావరకు నిలుస్తాయి. సెలవు నిబంధన ఏదైనా వచ్చేటట్లయితే దానికి ఆ పట్టికే తగిన పునాది. అందుకు కావలసిన విజ్ఞానసంపద రాజధాని ప్రాంతంలోనే ఉన్నది. 1979లో ఢిల్లీలో కణపరీక్షల పరిశోధనాకేంద్రంగా మొదలై, నేడు నోయిడాలో జాతీయ క్యాన్సర్ నివారణ, పరిశోధన సంస్థగా ఉన్న సంస్థ పని అదే.

పట్టికకంటె జాగ్రత్తగా వ్రాయవలసినది ధ్రువపత్రం. సెలవు మంజూరు చేసే అధికారికి తెలియవలసినది ఉద్యోగి ఫలానా తేదీన, ఫలానా వేళ పరీక్షకు హాజరయ్యాడన్న విషయమొక్కటే. ఏ అవయవాన్ని పరీక్షించారో, ఏమి తేలిందో అతనికి అనవసరం. రక్తదానానికి ఇప్పుడు జతపరచే రుజువు కూడా ఇంతకుమించి చెప్పదు. రొమ్ము పరీక్షకు పోతున్నానని పురుష అధికారికి దరఖాస్తు వ్రాయడంకంటె ఆకస్మిక సెలవు పెట్టడమే నయమనుకొనే ఉద్యోగినులకు ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే ఏ సదుపాయమూ అక్కరకు రాదు.

ఒకే భవనంలో రెండు రకాల ఉద్యోగులుండడం ఇటీవలి దశాబ్దాల పరిణామం. ద్వారం దగ్గర కాపలావాడు, నేల తుడిచే స్త్రీ, కంప్యూటరుపై అంకెలెక్కించే యువకుడు నేడు చాలాచోట్ల కాంట్రాక్టు సంస్థల మనుషులు. వారికి 1972 నియమావళి వర్తించదు, సెలవు ఖాతా లేదు, రాని రోజుకు కూలి లేదు. వారిలో చాలామంది 1952 ఫిబ్రవరిలో కాన్పూరుతోపాటు ఢిల్లీలోనే మొదలయిన ఉద్యోగుల రాజ్య బీమా పథకం కిందికి వస్తారు. అక్కడ కూడా పోయిన వేతనానికి బదులు లభించే సొమ్ము అనారోగ్య ధ్రువపత్రంతోనే మొదలవుతుంది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ద్వారా నలభై ఏండ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష లభిస్తుందని కేంద్రం ప్రకటించింది. పరీక్ష ఉచితం కావడం వేరు, పరీక్షకు పోయిన పూట కూలి దక్కడం వేరు. ఆ రెండవదాన్ని మురుగు కాలువల కార్మికుల కోసం ఢిల్లీ న్యాయస్థానం పదిహేడేండ్లకు ముందే వ్రాసిపెట్టింది.